రద్దీగా ఉండే శివారు రోడ్డును తవ్వి కొత్తగా వేయాలంటే ప్లాన్ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీ శివారు ప్రాంతంలో రెండున్నర కిలోమీటర్ల మెయిన్ రోడ్డు ఉంది. నాలుగు లేన్లు, మధ్యలో పాత కల్వర్టు దగ్గర మాత్రం రెండే. రెండు వైపులా కలిపి రోజుకు దాదాపు 18,000 వాహనాలు. బస్సులు తిరుగుతాయి, రెండు స్కూళ్ళున్నాయి, పొడవునా షాపులు, పెద్ద చెట్లు. దీన్ని పూర్తిగా తవ్వి కొత్తగా కడతామని రోడ్ల విభాగం వాళ్ళు చెప్పి, మీ నివాసుల కమిటీని అభిప్రాయం అడిగారు. మొత్తం మూసేసి త్వరగా ముగించమనాలా, సగం సగం చేయమనాలా, అసలు ప్లాన్‌లో మొదట ఏం చూడాలి, ఎన్ని నెలలు పడుతుంది అన్నది మీ సందేహం.

రోడ్ల పునర్నిర్మాణంలోనే చాలాకాలంగా పనిచేస్తున్నాను, ఎక్కువగా పని దశలు, ట్రాఫిక్ మళ్ళింపు చూసే వైపు. సూటిగా చెప్తున్నాను: సగం వెడల్పు చొప్పున, చిన్న ముక్కలుగా చేయమనండి. కల్వర్టునూ, పెద్ద జంక్షన్లనూ మాత్రం ముందే చాటి చెప్పి, కొద్ది రోజులు పూర్తిగా మూసి ముగించమనండి. ప్లాన్‌లో మొదట అడగాల్సినవి రెండు. భూమి కింద ఏముంది? పని నడిచినన్నాళ్ళూ జనం, బండ్లు ఎటు వెళ్తారు? ఈ రెండూ తేలాకే డిజైన్ ఖరారు కావాలి. చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతుంది. చెట్ల నీడలో సైకిల్ తొక్కుతున్న మనుషుల రంగురంగుల బొమ్మలు ముందొస్తాయి, ఆ బొమ్మలో ఫుట్‌పాత్ ఉన్నచోటే కింద మంచినీళ్ళ మెయిన్ లైన్ ఉందన్న సంగతి తవ్వడం మొదలయ్యాక బయటపడుతుంది.

అసలు మొత్తం తవ్వాలా?

ఇది అడగడానికి మొహమాటపడకండి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తే అలవాటు మా రంగంలోనూ ఉంది. పై పొర మాత్రమే పాడైతే దాన్ని మిల్లింగ్ చేసి, అంటే యంత్రంతో గీకి తీసేసి, కొత్త పొర వేస్తే సరిపోతుంది, వారాల్లో పని అయిపోతుంది. చక్రాలు నడిచే దారిలో పగుళ్ళు వలలా అల్లుకుని, అక్కడే రోడ్డు కుంగి, వాన తర్వాత పగుళ్ళలోంచి మట్టినీళ్ళు పైకి చిమ్ముతుంటే మాత్రం జబ్బు పునాదిలో ఉన్నట్టే. అప్పుడు పైన ఎన్ని పొరలు వేసినా కొన్నాళ్ళ ముచ్చటే.

కంటిచూపుతో తేల్చేది కాదు ఇది. రోడ్డులో అక్కడక్కడా కోర్లు, అంటే స్తంభంలాంటి నమూనా ముక్కలు, కోసి తీస్తారు, గుంతలు తవ్వి ఏ పొర ఎంత మందం ఉందో కొలుస్తారు. బరువును కింద పడేసి రోడ్డు ఎంత వంగుతుందో కొలిచే యంత్రం ఉంటుంది, దాన్ని ఫాలింగ్ వెయిట్ డిఫ్లెక్టోమీటర్ అంటారు. కింది మట్టి బలానికి సీబీఆర్ పరీక్ష చేస్తారు, అందులో నమూనాను నాలుగు రోజులు నీళ్ళలో నానబెట్టాకే నొక్కి చూడటం ఆనవాయితీ. పొడిగా ఉన్నప్పుడు రాయిలా నిలిచిన మట్టి నానాక ఎంత మెత్తబడుతుందో చూస్తే, రోడ్డుకు అసలు శత్రువు ఎవరో అర్థమైపోతుంది. ఈ రిపోర్టులు చూపించమని అడగండి. అవి లేకుండానే "పూర్తి పునర్నిర్మాణం" అని రాసుంటే, ఏ లెక్కన రాశారో చెప్పమనండి.

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, ఒట్టావా దగ్గర ఆషో రోడ్ టెస్ట్ అని పెద్ద ప్రయోగం జరిగింది. ప్రత్యేకంగా కట్టిన ట్రాకుల మీద లారీలను అదే పనిగా తిప్పి రోడ్డు ఎలా పాడవుతుందో చూశారు. దాన్నుంచి వచ్చిన లెక్క ప్రకారం, నష్టం ఇరుసు బరువుకు దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అర టన్ను మోసే కారు ఇరుసుతో పోలిస్తే 10 టన్నులు మోసే ఇరుసు బరువు 20 రెట్లే. నష్టం మాత్రం 1,60,000 రెట్లు. అందుకే రోడ్డు మందం లెక్కలో కార్లు దాదాపు సోదిలోకి రావు, బస్సులూ లారీలే లెక్క. 18,000 అన్న అంకె ట్రాఫిక్ ప్లానుకు పనికొస్తుంది గానీ మందం తేల్చడానికి పనికిరాదు. అందులో బరువు వాహనాలెన్ని, వాటి ఇరుసు బరువులెంత అన్నది విడిగా కావాలి.

ఇప్పుడే మీ బస్టాప్ దగ్గరికి వెళ్ళి వంగి చూడండి. చక్రాలు ఆగేచోట తారు రెండు గాళ్ళుగా కుంగి, ఆ గాళ్ళ పక్కన అంచులాగా ఉబ్బి ఉంటుంది. ఎండకు మెత్తబడ్డ తారు మీద బరువు నిలబడితే అది మెల్లగా పక్కకు జరుగుతుంది. బండి వేగంగా దాటిపోతే అంత నష్టం లేదు, ఆగితేనే. కాబట్టి రోడ్డంతా తారు వేసినా బస్సులు ఆగే భాగాన్ని కాంక్రీటుతో చేయమని ఇప్పుడే రాసివ్వండి. చిన్న మార్పే. టెండరు అయ్యాక అడిగితే పెద్ద మార్పు అయి కూర్చుంటుంది.

భూమి కింద

నా అనుభవంలో ఇలాంటి పనులు ఆలస్యం కావడానికి మొదటి కారణం తారూ కాదు, కూలీలూ కాదు. పైపులూ, కేబుళ్ళూ.

పాత మ్యాపులను నమ్మడానికి లేదు. వేసినప్పుడు గీసిన గీత ఒకటి, వేసింది ఇంకోచోట, ఆ తర్వాత రిపేరు చేసినవాళ్ళు మార్చింది మూడోచోట. గీతలో కొలత ఎక్కణ్ణుంచి తీసుకున్నారో చూస్తే "ఫుట్‌పాత్ అంచు నుంచి" అని ఉంటుంది. ఆ ఫుట్‌పాత్ అంచు ఆ తర్వాత రెండుసార్లు జరిగి ఉంటుంది! ఒక రోడ్డులో మేం సర్వే గుంత తవ్విస్తుంటే, కాగితం మీద మీటరుకు పైగా లోతున ఉండాల్సిన నీళ్ళ పైపు తారు పొర కింద రెండు జానల లోతులోనే తగిలింది. పారతో కాకుండా మట్టిని గాలితో పీల్చే యంత్రంతో తీస్తున్నాం కాబట్టి పైపు పగల్లేదు. దాన్ని ఆనుకుని, ఏ మ్యాపులోనూ లేని ఒక కేబుల్ కట్ట. ఎవరిదో తేలడానికే వారాలు పట్టింది. ముగ్గురిని అడిగితే ముగ్గురూ "మాది కాదు" అన్నారు, తీసేస్తామనగానే ఒకరికి అది తమదేనని గుర్తొచ్చింది. ఆ గొడవ పని మొదలుకాకముందు నడిచింది కాబట్టి బతికిపోయాం. అదే తవ్వకం మధ్యలో అయితే, సగం రోడ్డు మూసి పెట్టుకుని, మెషీన్లు ఖాళీగా నిలబెట్టుకుని కూర్చోవాల్సి వచ్చేది.

అందుకని భూమి లోపలి సర్వే నాలుగు మెట్లుగా చేస్తారు. పాత రికార్డులు సేకరించడం ఒకటి, పైన కనిపించే మ్యాన్‌హోళ్ళు, వాల్వులతో వాటిని సరిచూడటం రెండు, రాడార్ లాంటి పరికరాలతో వెతకడం మూడు, అవసరమైనచోట గుంత తవ్వి కళ్ళారా చూడటం నాలుగు. ప్రతి మీటరుకూ నాలుగో మెట్టు అక్కర్లేదు. కానీ కొత్త డ్రైనేజీ లైను పాతవాటిని దాటే ప్రతిచోటా, జంక్షన్ల దగ్గరా అది కావాల్సిందే. "సర్వే అయిపోయింది" అంటే సరిపోదు, ఏ మెట్టు దాకా అయిందో అడగండి.

తర్వాత, రోడ్డు వేశాక ఎవరూ మళ్ళీ తవ్వకుండా చూసుకోవడం. నీళ్ళు, మురుగు, కరెంటు, గ్యాస్, టెలికాం వాళ్ళందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, రాబోయే ఐదేళ్ళలో ఏం మార్చాలనుకుంటున్నారో ఇప్పుడే రాయించుకోవాలి. వయసైపోయిన పైపును ముట్టుకోకుండా దాని మీద కొత్త రోడ్డు వేయడమంటే, పగిలే రోజు కోసం కాచుకోవడమే. కొత్త రోడ్డును కొన్నేళ్ళపాటు అత్యవసరమైతే తప్ప తవ్వకూడదన్న నిబంధన చాలా నగరాల్లో ఉంది, మీ దగ్గర ఉందో లేదో కనుక్కోండి. ఉన్నా లేకపోయినా, రోడ్డుకు అడ్డంగా కొంత కొంత దూరంలో ఖాళీ డక్టులు (కేబుళ్ళు దూర్చే గొట్టాలు) వేసి ఉంచమనండి. రేపు ఎవరికైనా కేబుల్ అటు దాటించాలంటే తవ్వే పని ఉండదు. మొత్తం పనిలో ఇది ఖర్చు లెక్కకు రానంత చిన్నది, అయినా అడగనిదే ఎవరూ పెట్టరు.

పైపులు మార్చిన కందకాలను పూడ్చే తీరు కూడా చూడాలి. ట్రక్కు మట్టి ఒక్కసారిగా దిమ్మరించి పైన రోలర్ తిప్పితే, పైన గట్టిగా, అడుగున గుల్లగా ఉంటుంది. 150 నుంచి 200 మిల్లీమీటర్ల పొరలుగా వేసి ఏ పొరకాపొర దిమ్మిస చేయాలి. కొత్త రోడ్డులో ఆరునెలలకే పొడవునా గాడి పడిందంటే కింద కందకం ఉన్నట్టే లెక్క.

నీళ్ళు, లెవెల్స్

ఏళ్ళ తరబడి పొర మీద పొర వేసి చాలా రోడ్లు పక్కిళ్ళ గుమ్మాలకంటే ఎత్తయిపోయాయి. మొత్తం తవ్వడంలో ఉన్న అసలు లాభం, లెవెల్‌ను మళ్ళీ కిందికి దించుకునే అవకాశం రావడం. ఆ అవకాశం మళ్ళీ పాతికేళ్ళకు గానీ రాదు. కాబట్టి డ్రాయింగుల్లో మీ కమిటీ కాస్త ఓపిగ్గా చూడాల్సిన షీటు ఒకటుంది: అడ్డుకోత. అందులో రోడ్డు మధ్య ఎత్తు, అంచు ఎత్తు, ఫుట్‌పాత్ ఎత్తు, గేటు దగ్గర నేల ఎత్తు వరసగా రాసి ఉంటాయి. ఏడు మీటర్ల సగం వెడల్పుకు 2.5 శాతం వాలు ఇస్తే మధ్యకూ అంచుకూ 175 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అంచు దగ్గర కెర్బు (అంచు రాయి) ఎత్తు, దాని వెనక ఫుట్‌పాత్ వాలు కలుపుకుంటే, గేటు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు లోపలికి పారుతున్నాయా బయటికా అన్నది మీరే తేల్చుకోవచ్చు. కూడిక, తీసివేత తప్ప ఏమీ లేదు. పొడవునా కూడా అంచు వెంట కనీసం 0.3 శాతం, వీలైతే 0.5 శాతం వాలు ఉండాలి, లేకపోతే నీళ్ళు కదలవు.

డ్రైనేజీ లైను ఎప్పుడూ దిగువ నుంచి ఎగువకు కట్టుకుంటూ రావాలి. చివర కలవాల్సిన చోట లెవెల్ దొరక్కుండా పైన మొదలుపెడితే, వర్షాకాలంలో మొదటి బ్లాకు చెరువైపోతుంది. పని ముక్కల వరసను నిర్ణయించేది చాలాసార్లు ట్రాఫిక్ కాదు, ఈ వాలే. "స్కూల్ వైపు నుంచి మొదలుపెట్టండి" అని మీరు కోరితే వాళ్ళు కాదన్నప్పుడు కారణం ఇది కావచ్చు. వివరం అడగండి, మొండికేయకండి.

సగం మూస్తే ట్రాఫిక్ పడుతుందా?

ఇక మీ అసలు ప్రశ్న. దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, మొదటి అంచనా కాగితం మీదే వేయొచ్చు.

రోజుకు 18,000 అంటే రద్దీ గంటలో సుమారు 9 శాతం, అంటే 1,620 వాహనాలు. అందులో 60 శాతం ఒకే వైపు వెళ్తాయనుకుంటే 972. సగం రోడ్డు మూస్తే ఆ వైపు ఒక్క లేనే మిగులుతుంది. జంక్షన్లు లేని భాగంలో ఒక లేను ఆ భారం మోయగలదు. చిక్కంతా సిగ్నల్ దగ్గర. ఆగి ఉన్న వరస పచ్చ లైటు పడ్డాక దాదాపు రెండు సెకన్లకో బండి చొప్పున కదులుతుంది, అంటే గంట మొత్తం పచ్చగా ఉంటే 1,800. మీ దిక్కుకు 45 శాతం పచ్చ దక్కితే 810 బండ్లే దాటుతాయి. వచ్చేవి 972, పోయేవి 810. గంట తిరిగేసరికి 162 బండ్లు మిగిలిపోతాయి. వరసలో బండికి ఏడు మీటర్లు వేసుకున్నా కిలోమీటరు దాటిన క్యూ. అది వెనకున్న జంక్షన్‌ను కూడా మింగేస్తుంది.

అయితే వచ్చేవన్నీ రావు. 1998లో బ్రిటన్‌లో కెయిర్న్స్, హాస్-క్లావ్, గుడ్విన్ అనే పరిశోధకులు, రోడ్డు సామర్థ్యం తగ్గించిన ఉదంతాలను చాలా దేశాల నుంచి సేకరించి చూశారు. తర్వాత మరికొన్ని కలిపి 70 దాకా పరిశీలిస్తే, సగం ఉదంతాల్లో ఆ ప్రాంతంలో ఉన్న ట్రాఫిక్‌లో 11 శాతానికి పైగా మాయమైందట. అంటే పక్క వీధుల్లో లెక్కపెట్టినా కనిపించలేదు. జనం టైము మార్చుకున్నారు, రెండు పనులు ఒకే ప్రయాణంలో చూసుకున్నారు, కొందరు బస్సెక్కారు. మన 972లో 11 శాతం తీస్తే 865. సిగ్నల్ టైమింగ్ మార్చి పచ్చను 50 శాతానికి పెంచితే 900 దాటగలవు. గట్టెక్కినట్టే, కాకపోతే బొటాబొటిగా. పచ్చ పెంచాలంటే ఎవరిదో తగ్గించాలి కాబట్టి, పని జరిగినన్నాళ్ళూ ఆ జంక్షన్‌లో ఎదురు ట్రాఫిక్‌ను కోసుకుంటూ తిరిగే మలుపును ఆపేయడం సాధారణంగా మంచి బేరం. ఒక్క మలుపును ఆపితే సిగ్నల్‌లో దానికిచ్చే ఫేజు, అంటే దాని వంతు పచ్చ, మొత్తం మిగులుతుంది. ఆ మలుపు తిరిగేవాళ్ళు అరకిలోమీటరు చుట్టు తిరగాలి, తిట్టుకుంటారు. తప్పదు.

మొదటి వారం చూసి ఎవరూ తీర్పు చెప్పకూడదు. ఆ వారం ఎప్పుడూ ఘోరంగానే ఉంటుంది. జనం సర్దుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆలోగా ఎవరో ఒకరి ఒత్తిడికి లొంగి ప్లాన్ మార్చేస్తే జనం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. నేను చూసిన వాటిలో చెడిపోయిన మళ్ళింపులు ఎక్కువగా ఇలా చెడినవే.

కల్వర్టు దగ్గర కథ వేరు. అక్కడ ఉన్నవే రెండు లేన్లు. సగం మూస్తే మిగిలిన ఒక్క లేనులో వంతులవారీగా పంపాలి. ఈ పద్ధతి పొడవు పెరిగేకొద్దీ ఎంత దారుణంగా పడిపోతుందో చాలామందికి తెలియదు. 400 మీటర్లు మూశారనుకోండి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఆఖరి బండి బయటికి రావడానికి 48 సెకన్లు. ఆలోగా రెండు వైపులా ఎర్రే. రెండు వైపులకూ ఒక్కో వంతు వచ్చే సిగ్నల్ చుట్టు 120 సెకన్లు అనుకుంటే, అందులో ఇలా రెండుసార్లు, మొత్తం 96 సెకన్లు వృథా. మిగిలిన 24 సెకన్లలో 12 బండ్లు, గంటకు 30 చుట్లు, అంటే రెండు వైపులా కలిపి 360 వాహనాలు! 200 మీటర్లకు తగ్గిస్తే ఇదే లెక్కలో 1,080. 100 మీటర్లయితే 1,440. మీకు రద్దీ గంటలో వచ్చేవి 1,620, అందులో 11 శాతం తగ్గినా 1,440 పైచిలుకే. పైగా బండ్లు కదలడానికి పట్టే ఆలస్యం నేను లెక్కలో వేయలేదు. అంటే వంతుల పద్ధతిలో మీ కల్వర్టు రద్దీ గంటను మోయలేదు. పక్కన తాత్కాలిక దారి వేయడానికి స్థలం ఉంటే అది మేలు. లేకపోతే కల్వర్టు కాంక్రీటు బాక్సులు బయట తయారు చేయించుకుని, స్కూళ్ళకు సెలవులున్నప్పుడు రోడ్డు పూర్తిగా మూసి, రాత్రింబవళ్ళు పనిచేసి దించేయాలి. మొదట్లో కల్వర్టును విడదీసి చెప్పింది అందుకే.

పూర్తిగా మూయడం అనగానే టెన్షన్ పడతారు గానీ, గడువు తక్కువై, ప్రచారం గట్టిగా ఉంటే జనం ఆశ్చర్యపోయేంత బాగా సహకరిస్తారు. 2011 జులైలో లాస్ ఏంజెలెస్‌లో 405 ఫ్రీవేను ఒక వారాంతం దాదాపు 16 కిలోమీటర్ల మేర మూశారు, ఒక వంతెనలో సగం కూల్చడానికి. ఊరంతా స్తంభించిపోతుందని దానికి ముందే "కార్‌మగెడాన్" అని పేరు పెట్టేశారు. తీరా చూస్తే రోడ్లు ఖాళీగా ఉన్నాయి, గడువుకంటే ముందే తెరిచేశారు. కానీ దీన్ని చూపించి "ఆరు నెలలు మొత్తం మూసేద్దాం" అనే కాంట్రాక్టర్ మాట వినకండి. వారాంతం ఇంట్లో కూర్చున్నట్టు ఆరు నెలలు ఎవరూ కూర్చోలేరు. పైగా షాపులవాళ్ళు చితికిపోతారు.

ముక్క పొడవు ఎంతుండాలి అంటే, నా లెక్క 200 నుంచి 300 మీటర్లు. అంతకంటే చిన్నదైతే తారు పరిచే పేవర్, రోలర్లు తిరగడానికే చోటు చాలదు. పెద్దదైతే మధ్యలో ఉన్నవాళ్ళు చిక్కుకుపోతారు. పని స్థలానికి ముందు లేన్లు కలిసే ఏటవాలు భాగం కూడా ఉంటుందని మరచిపోకండి. అమెరికా ట్రాఫిక్ నియంత్రణ మాన్యువల్ సూత్రం ప్రకారం, తక్కువ వేగం రోడ్లలో మూసే వెడల్పును వేగం వర్గంతో గుణించి 155తో భాగిస్తారు. మూడున్నర మీటర్ల లేను, గంటకు 50 కిలోమీటర్లు అయితే 56 మీటర్లు వస్తుంది. "పని ఎక్కడో జరుగుతుంటే కోన్లు ఇక్కణ్ణుంచే ఎందుకు పెట్టారు" అన్న ఫిర్యాదుకు సమాధానం ఇదే.

నడిచేవాళ్ళు, బస్సులు, గేట్లు

ట్రాఫిక్ ప్లాన్ అని ఇచ్చే పుస్తకంలో కార్లకు ఇరవై పేజీలుంటే నడిచేవాళ్ళకు ఒక పేజీ ఉంటుంది. ఒక పనిలో బస్టాపును జంక్షన్ అవతలికి మార్చారు, డ్రాయింగులో చక్కగా ఉంది. దిగినవాళ్ళు ఇవతలికి రావాలంటే బ్యారికేడ్ల చుట్టూ చాలా దూరం నడవాలి. మూడో రోజుకల్లా రెండు బ్యారికేడ్ల మధ్య మనిషి పట్టేంత సందు తయారైంది, దాని అడుగున మట్టి నున్నగా అరిగి దారి పడింది. జనానికి క్రమశిక్షణ లేదని సైట్లో ఒకటే గొణుగుడు. చివరికి ఆ సందు దగ్గరే చెక్క ర్యాంపు వేసి, దాటే చోటు గుర్తు పెడితే సమస్య తీరింది. మనుషులు ఎటు నడుస్తారో ముందు చూసి, ఆ దారినే భద్రంగా చేయడం తేలిక.

మీరు పట్టుబట్టాల్సినవి: పని మొదలైన రోజు నుంచి కనీసం ఒకవైపు 1.5 మీటర్ల వెడల్పున అడ్డు లేని నడక దారి, చక్రాల కుర్చీ వెళ్ళేలా ర్యాంపులు, రాత్రి వెలుతురు. ఏ గేటైనా మూసే ముందు రాతపూర్వకంగా తేదీ. అంబులెన్స్, ఫైరింజన్ ఏ ముక్కలోకి ఎటు నుంచి వస్తాయో వాళ్ళతోనే కూర్చుని గీసిన మ్యాపు. పక్క కాలనీ వీధుల్లోకి దూరే అడ్డదారి ట్రాఫిక్‌ను ఆపే ఏర్పాటు పని మొదలయ్యే ముందే ఉండాలి. స్కూల్ గేటు ముందు నుంచి లారీలు దూసుకెళ్ళడం మొదలయ్యాక స్పీడ్ బ్రేకర్ అడగడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. రాత్రి పని విషయంలో గంపగుత్తగా "వద్దు" అనకండి. చప్పుడెక్కువ ఉండే మిల్లింగ్, పగలగొట్టడం రాత్రి పదింటిలోగా ముగించి, తారు వేయడం ఆ తర్వాత చేయమనండి. చాలాచోట్ల ఇది కుదిరింది.

ఉన్నదాన్నే మళ్ళీ కట్టకండి

నాకు మరీ గట్టి అభిప్రాయం ఉన్న సంగతి ఇది. ఇంత శ్రమపడి తవ్వాక, పాత నాలుగు లేన్లే మళ్ళీ గీయడం దండగ. మీ రోడ్డులాంటి చోట రెండు వైపులా ఒక్కో లేను, మధ్యలో మలుపు తిరిగేవాళ్ళకు ఒక లేను పెట్టి, మిగిలిన జాగా సైకిళ్ళకో ఫుట్‌పాత్‌కో ఇవ్వడాన్ని రోడ్ డైట్ అంటారు. అమెరికా ఫెడరల్ హైవే విభాగం చెప్పే లెక్కల్లో ఇలాంటి మార్పు తర్వాత ప్రమాదాలు 19 నుంచి 47 శాతం దాకా తగ్గాయి, రోజుకు 20,000 వాహనాల లోపు రోడ్లు దీనికి అనువైనవని కూడా అంటుంది. మీది 18,000. కారణం సులువే. నాలుగు లేన్ల రోడ్డులో మలుపు కోసం ఆగిన బండి లోపలి లేనును ఎలాగూ కట్టేస్తుంది, వెనకవాళ్ళు గబుక్కున పక్క లేనులోకి దూకుతారు. గుద్దుకునేది అక్కడే.

ఇది సభలో అంటే మీద పడతారని తెలుసు. అందుకే ఒక ఉపాయం. పని జరిగే నెలల్లో మీ రోడ్డు ఎలాగూ వైపుకు ఒక లేనుతోనే నడుస్తుంది. మధ్య లేను లేకపోయినా, కోన్ల ఇరుకులో కూడా ఎలా నడిచిందో ఆ రోజుల్లోనే బండ్లు లెక్కపెట్టించి, ప్రయాణ సమయం కొలిపించండి. ఆఖరి పొర మీద గీతలు గీసే ముందు ఆ అంకెలు బల్ల మీద పెట్టండి. కెర్బులు ఎక్కడ రావాలో మాత్రం ముందే తేలాలి కాబట్టి, రెండు రకాల గీతలకూ సరిపోయే వెడల్పుతో డిజైన్ చేయమని ఇప్పుడే అడగాలి.

పెద్ద చెట్లున్నాయని రాశారు. బ్రిటిష్ ప్రమాణంలో ఒక తేలిక కొలత ఉంది: కాండం వ్యాసానికి 12 రెట్లు వ్యాసార్ధంగా గీసిన వృత్తంలో వేర్లను కాపాడాలి. అర మీటరు కాండమైతే ఆరు మీటర్లు. ఆ వలయంలో మెషీన్ తవ్వకం ఒద్దని డ్రాయింగు మీదే గీయించండి, నోటిమాట ఆపరేటర్ దాకా చేరదు.

కట్టేటప్పుడు మీ కళ్ళు పెట్టాల్సినవి

సగం సగం వేసే పద్ధతిలో ఒక లోపముంది: రెండు సగాలూ కలిసేచోట పొడవాటి అతుకు. అది చక్రాల దారిలో పడితే మొదట పాడయ్యేది అదే. లేన్ల గీత కిందకు వచ్చేలా ప్లాన్ చేయాలి, పై పొర అతుకు కింది పొర అతుకు మీదే పడకుండా కాస్త పక్కకు జరపాలి, పాత అంచును నిలువుగా కోసి తారు పూసి కలపాలి. తారు వేడి మీదుండగానే రోలింగ్ పూర్తి కావాలి. పలచటి పొర, చల్లటి గాలి అయితే ఆ వ్యవధి నిమిషాల్లోనే ఉంటుంది. లారీలు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా వస్తే సరుకు చల్లారిపోతుంది, కాబట్టి తారు లారీలు వచ్చే దారి కూడా ట్రాఫిక్ ప్లాన్‌లో ఉండాలి. ఇది చాలామందికి తట్టదు.

మ్యాన్‌హోల్ మూతలు కొత్త రోడ్డు మీద ఎత్తుగానో లోతుగానో మిగిలిపోతే దాటిన ప్రతి బండీ దాన్ని కొడుతూ పోతుంది, ఫ్రేము కింద సిమెంటు మసాలా పగిలి, చుట్టూ తారు రాలిపోతుంది. వాటి లెవెల్ ఎవరు, ఎప్పుడు సరిచేయాలో కాంట్రాక్టులో రాసి ఉందో లేదో చూడండి. కాంట్రాక్టులోనే ఇంకొకటి: లేను మూసి ఉంచిన ప్రతి రోజుకూ కాంట్రాక్టరు అద్దెలాగా చెల్లించే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. అలా ఉంటే ఖాళీగా మూసి పెట్టిన లేన్లు మాయమైపోతాయి.

ఎన్ని నెలలు పడుతుందని కూడా అడిగారు. మొత్తం గడువుకంటే, ఒక గేటు ముందు ఎన్ని వారాలు తవ్వి ఉంచుతారు అని అడగండి, అది వాళ్ళను నిజంగా లెక్క వేయిస్తుంది. పైపులు మార్చడం ముందే అయిపోతే, 250 మీటర్ల ముక్కలో ఒక సగానికి ఆరు నుంచి పది వారాలు నాకు సబబుగా అనిపిస్తుంది. పైపుల పని కూడా అందులోనే ఉంటే దాదాపు రెట్టింపు వేసుకోండి, వానలు పడే నెలలను పని జరిగే నెలలుగా లెక్కవేయకండి.

వీలైతే ఒక పని చేయండి. రెండు పనిరోజుల్లో ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో పెద్ద జంక్షన్ దగ్గర నలుగురు కూర్చుని, ఏ వైపు నుంచి ఏ వైపుకు ఎన్ని బండ్లు తిరుగుతున్నాయో పావుగంటకోసారి రాసి ఇక్కడ పెట్టండి. బస్సులు, లారీలు విడిగా. నా లెక్కలో 60 శాతం, 45 శాతం అన్నవి ఊహించినవే. మీ అసలు అంకెలు చూస్తే ఏ మలుపు ఆపాలో, పచ్చ ఎంత కావాలో ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.